యజమానులు మారిన ఓడ: ఫ్రాన్స్, నార్వే, బ్లూ లేడీ

దుబాయ్‌లో ఉండే మన తెలుగువాళ్ళలో పోర్ట్ రషీద్‌కు వెళ్ళి క్వీన్ ఎలిజబెత్ 2 ఓడ ముందు ఫొటో దిగనివారు తక్కువే. అది ఇంగ్లండువాళ్ళ ఓడ. 1969లో మొదటి ప్రయాణం చేసింది. 2008 నవంబరులో దుబాయ్‌కి వచ్చింది. దాదాపు పదేళ్ళు ఊరికే నిలబడి ఉండి, 2018 ఏప్రిల్‌లో హోటల్ అయింది.

మొన్నొక సెలవు రోజు మా క్యాంపువాళ్ళం నలుగురం అక్కడికి వెళ్ళాం. మాతో వచ్చిన సిరిసిల్ల కాకాకు గల్ఫ్‌లో పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మేం ఫొటోల గొడవలో ఉంటే ఆయన మాత్రం ఓడ పొడుగునా ఒకసారి నడిచి వచ్చి, "గింత పెద్ద ఓడల పనిచేసినోళ్ళంత ఏమైన్రు తమ్మీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అలా అడగడానికి కారణం ఉంది. మేం పనిచేసే కంపెనీ కిందటేడే చేతులు మారింది. బోర్డు మారింది, యూనిఫాం మీద ముద్ర మారింది. కాకా రోజూ మా ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చి "నా పాత సర్వీసు లెక్కల ఉన్నదా?" అని అడిగిపోతుంటాడు.

ఆ రాత్రి రూముకొచ్చాక పాత ఓడల సంగతులు చదవడం మొదలుపెట్టాను. నెలరోజులు అదే పని. క్వీన్ ఎలిజబెత్ 2 కథ కంటే దానికి సాటిగా అట్లాంటిక్ మీద తిరిగిన ఇంకో ఓడ కథ నన్ను పట్టుకుంది. అది హోటల్ కాలేదు. మన దేశంలోనే, గుజరాత్ ఒడ్డున ముక్కలైంది. చేతులు మారిన ప్రతిసారీ అందులో పనిచేసేవాళ్ళు ఏమయ్యారో రాసిపెట్టి ఉంది. కాబట్టి కాకా ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది.

ఆ ఓడ మొదటి పేరు ఫ్రాన్స్. ఫ్రాన్సు దేశంలోని సెయింట్ నజైర్ రేవులో కట్టారు. 1960 మే 11న అధ్యక్షుడు డిగాల్ సమక్షంలో ఆయన భార్య చేతుల మీదుగా నీటిలోకి దించారు. పొడవు 315 మీటర్ల పైమాటే. మన రైలు పెట్టెలు పద్నాలుగు వరసగా పెడితే ఎంతో అంత. 2000 తర్వాత క్వీన్ మేరీ 2 కట్టేదాకా ఇంతకంటే పొడవైన ప్రయాణికుల ఓడ లేదు. ఎనిమిది బాయిలర్లు, నాలుగు ప్రొపెల్లర్లు, 30 నాట్ల వేగం. పైన రెండు వేల మంది ప్రయాణికులు, వాళ్ళకు సేవ చేయడానికి, కింద బాయిలర్లు మండించడానికి వెయ్యి మందికి పైగా సిబ్బంది. అంటే ఇద్దరు ప్రయాణికులకు ఒక పనివాడు.

యజమాని పేరుకు ఫ్రెంచ్ లైన్ అనే కంపెనీ. అందులో పెద్ద వాటా ప్రభుత్వానిదే, నష్టం వస్తే పూడ్చేదీ ప్రభుత్వమే. 1962 ఫిబ్రవరిలో లె హావ్ర్ రేవు నుంచి న్యూయార్క్‌కు మొదటిసారి వెళ్ళింది. అదే సంవత్సరం డిసెంబరులో మోనాలిసా బొమ్మను అమెరికాలో చూపించడానికి ఈ ఓడలోనే తీసుకెళ్ళారు. అంత నమ్మకం, అంత గర్వం దాని మీద.

కానీ ఆ ఓడ పుట్టడమే ఆలస్యంగా పుట్టింది. దాన్ని కడుతుండగానే, 1958లోనే, అట్లాంటిక్ దాటే జెట్ విమానాలు మొదలయ్యాయి. అయిదు రోజుల ప్రయాణం ఏడెనిమిది గంటలకు దిగిపోయింది. మన పెద్దవాళ్ళు బొంబాయి నుంచి గల్ఫ్‌కు ఓడ మీద వెళ్ళిన రోజుల గురించి చెబుతుంటారు కదా. విమానం వచ్చాక ఆ ఓడలెక్కినవాళ్ళు ఎందరు? అక్కడా అంతే జరిగింది. చలికాలం ప్రయాణికులు లేక ఓడను విహారయాత్రలకు తిప్పారు. 1972లో ప్రపంచం చుట్టి రమ్మని పంపారు. పనామా కాలువలో పట్టనంత పెద్దది కాబట్టి దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. చలి సముద్రం కోసం కట్టిన ఓడ కావడంతో ఈత కొలనులకు కూడా పైకప్పులుండేవి. ఎండ కాచుకోవడానికి వచ్చినవాళ్ళకు అది నచ్చుతుందా?

చివరి దెబ్బ మన గల్ఫ్ వైపు నుంచే పడింది. 1973 చివర అరబ్ దేశాలు చమురు సరఫరా తగ్గించడంతో నెలల్లో ధర నాలుగింతలైంది. మన ఊళ్ళ నుంచి జనం ఇక్కడికి రావడం పెరిగింది కూడా ఆ డబ్బుతోనే. ఇక్కడ మనకు పని పుట్టించిన ఆ ధరే అక్కడ ఆ ఓడ పొయ్యి ఆర్పింది. 1974లో ఫ్రాన్స్ ప్రభుత్వం, ఇకపై నష్టం పూడ్చేది లేదు, ఓడను ఆపేస్తాం అని ప్రకటించింది. అదే ప్రభుత్వం కాంకార్డ్ విమానం మీద మాత్రం డబ్బు పోస్తూనే ఉంది.

ఇక్కడ సిబ్బంది చేసిన పని చెప్పుకోవాలి. 1974 సెప్టెంబరులో న్యూయార్క్ నుంచి తిరిగి వస్తూ, లె హావ్ర్ రేవు ముఖద్వారంలో ఓడను తమ చేతిలోకి తీసుకుని దారికడ్డంగా లంగరు వేశారు. రేవులోకి పెద్ద ఓడలు వచ్చే దారి మూసుకుపోయింది. ప్రయాణికుల్ని వేరే పడవల మీద ఒడ్డుకు చేర్చారు. సిబ్బంది అడిగింది రెండు: ఓడను ఆపవద్దు, జీతాలు 35 శాతం పెంచండి. నష్టమని ఆపేస్తున్న ఓడలో జీతం పెంచమనడం తెలివైన బేరం కాదని నాకనిపిస్తుంది. అయినా యూనియన్ ఉంది, దేశం వాళ్ళదే, ఓడ మీద జెండా వాళ్ళదే. కాబట్టి ప్రభుత్వాన్ని నిలదీసి అడగగలిగారు. వారాల తరబడి పట్టుపట్టారు. చివరికి ప్రభుత్వమే నెగ్గింది. ఓడను లె హావ్ర్‌లో ఒక మూల రేవుగట్టుకు కట్టేశారు. జనం దానికి మరుపు గట్టు అని పేరు పెట్టారు. 1975లో మిషెల్ సార్దూ అనే గాయకుడు ఆ ఓడ మీద పాడిన పాట ఆ దేశంలో ఇంటింటా మోగింది. పాట మోగింది గానీ ఓడ కదల్లేదు. దాదాపు అయిదేళ్ళు అక్కడే ఉంది.

1977లో సిరియాలో పుట్టిన సౌదీ వ్యాపారి అక్రమ్ ఒజ్జే 22 మిలియన్ డాలర్లకు దాన్ని కొన్నాడు. ఖరీదైన ఫ్రెంచి ఫర్నిచరు పెట్టి అమెరికా ఒడ్డున తేలే మ్యూజియం, హోటల్ చేస్తానన్నాడు. ఏదీ చేయలేదు. ఆయన చేతిలో ఉన్నంతకాలం ఓడ రేవు దాటలేదు.

1979లో నార్వే దేశపు నుట్ క్లోస్టర్ 18 మిలియన్ డాలర్లకు కొన్నాడు. ఈయనది నార్వీజియన్ కరీబియన్ లైన్ కంపెనీ, అమెరికాలోని మయామి నుంచి విహారయాత్రలు నడిపేది. ఆగస్టులో టగ్గులు ఓడను లాక్కుపోతుంటే లె హావ్ర్‌లో జనం గుంపులుగా వచ్చి చూశారు, కొందరు అడ్డుకోబోయారు. జర్మనీలోని బ్రెమెర్‌హావెన్ యార్డులో కొన్నదానికి నాలుగింతలకు మించి ఖర్చు పెట్టి మార్చారు. 30 నాట్ల పరుగు ఇక అక్కర్లేదు గనుక ముందు ఇంజిన్ గది మూసేశారు. నాలుగు ప్రొపెల్లర్లలో రెండు పీకేశారు. పైన ఎండలో ఈత కొలనులు తవ్వారు. పాత నడవాలకు ఫిఫ్త్ అవెన్యూ, షాంజెలిజే అని వీధుల పేర్లు పెట్టారు. ఓడ పేరు నార్వే అయింది.

నా ఉద్దేశంలో ఈ క్లోస్టర్ మంచి యజమాని. అందరూ పెద్ద ఓడల కాలం అయిపోయిందన్నప్పుడు ఇతను దాన్ని నమ్మాడు. 1980లో మయామి నుంచి వారం వారం యాత్రలు మొదలుపెట్టాడు. ఓడ లోతు ఎక్కువ కావడంతో కరీబియన్ దీవుల చిన్న రేవుల్లోకి వెళ్ళలేదు. అందుకని ముందు డెక్కు మీదే రెండు పెద్ద పడవలు మోసుకుపోయేవారు. ఒక్కోదాంట్లో 400 మంది పట్టేవారు. రేవుకు దూరంగా ఓడ ఆపి వాటిలో జనాన్ని ఒడ్డుకు చేర్చడం. ఇప్పుడు సముద్రం మీద ఊళ్ళకు ఊళ్ళే తిరుగుతున్నట్టు కనిపించే క్రూజ్ ఓడల వ్యాపారానికి దారి చూపింది ఈ ఓడే. ఊరికి పోవడానికి ఓడ ఎక్కడం పోయి, ఓడే ఊరు కావడం దీనితోనే మొదలైందని చెప్పవచ్చు.

సిబ్బంది విషయంలో పెద్ద మార్పు వచ్చింది కూడా ఇక్కడే. ఫ్రాన్స్ ఓడలో ఫ్రెంచివాళ్ళు పనిచేశారు. నార్వే ఓడలో పేరుకు తగ్గట్టు నార్వే ఆఫీసర్లుండేవారు గానీ, వంటగది, గదులు, ఇంజిన్ గది నడిపింది ఎన్నో దేశాలవాళ్ళు. కరీబియన్ దీవులవాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు, ఇంకా ఎందరో. ఇన్ని దేశాలవాళ్ళు కలిసి పనిచేస్తున్నారని గుర్తుగా ఐక్యరాజ్యసమితి జెండా కూడా దాని మీద ఎగరేశారు. చదవడానికి గొప్పగానే ఉంది. కానీ ఇన్ని దేశాలవాళ్ళు ఒకచోట చేరితే ఎవరి చట్టం ఎవరికి వర్తిస్తుంది? మన క్యాంపుల్లో కూర్చున్నవాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఓడ మీద అసలు జెండా కూడా తర్వాత మారింది. రిజిస్ట్రేషన్ బహమాస్ దీవులకు వెళ్ళింది. యజమాని ఒక దేశం, ఆఫీసు ఇంకో దేశం, జెండా మూడో దేశం, పనివాడు నాలుగో దేశం.

1990లో పైన ఇంకో రెండు అంతస్తులు కట్టి ఖరీదైన గదులు వేశారు. అప్పటికి ఇతర కంపెనీలు ఇంతకంటే కొత్తవి, బరువైనవి దించుతున్నాయి. పోటీకి నిలవడానికి డబ్బంతా పైకి వెళ్ళింది. కింద బాయిలర్లు మాత్రం మొదట బిగించినవే. 2000లో మలేషియా మూలాలున్న స్టార్ క్రూజెస్ కంపెనీ మొత్తం నార్వీజియన్ కంపెనీనే కొనేసింది. అంటే ఓడకు ఇంకో యజమాని.

2003 మే 25, ఆదివారం. తెల్లవారుజామున ఓడ మయామి రేవుకు చేరింది. రెండు వేలకు పైగా ప్రయాణికులున్నారు. పొద్దున ఆరున్నర దాటాక ఒక బాయిలర్ పగిలింది. ఒత్తిడిలో ఉన్న మరిగే నీరు ఒక్క క్షణంలో ఆవిరై ఇంజిన్ భాగాల్లోకి దూసుకొచ్చింది. 8 మంది సిబ్బంది చనిపోయారు, ఇంకో పది మంది తీవ్రంగా గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌వాళ్ళు. పైనున్న ప్రయాణికులకు పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు విచారించి, బాయిలర్‌ను నడిపిన తీరు, చూసుకున్న తీరు, తనిఖీ చేసిన తీరు లోపభూయిష్టమని తేల్చింది. మాటిమాటికీ వేడెక్కి చల్లారి, లోపలి నీటికి సరైన మందు పడక, లోహం తినేసి పగుళ్ళు పట్టి ఏళ్ళ తరబడి బలహీనపడింది. ఒక్కరోజులో జరిగింది కాదు. 2008లో కంపెనీ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంది. 1 మిలియన్ డాలర్ల జరిమానా, బాధితులకు 13.75 మిలియన్ డాలర్ల పరిహారం పడింది.

దీనికి ముందు జరిగిన ఇంకో కేసు నన్ను ఎక్కువ కదిలించింది. చనిపోయిన ఆరుగురి తరఫున, గాయపడిన నలుగురి తరఫున మయామిలో పరిహారం కోసం కేసులు వేశారు. ప్రమాదం జరిగింది మయామిలో, కంపెనీ ఆఫీసు మయామిలో. కానీ 2005 జనవరిలో అక్కడి అప్పీలు కోర్టు ఏమందంటే, ఈ పది మందీ ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం చేసిన కాగితాల్లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం పెట్టిన ప్రామాణిక షరతులున్నాయి, వాటి ప్రకారం తగాదాను మధ్యవర్తుల ముందు ఫిలిప్పీన్స్‌లోనే తేల్చుకోవాలి, ఇక్కడ కాదు, అని. ఆ షరతులు తమకు చూపించలేదని, వివరించలేదని బాధితుల వాదన. సంతకం ఉంది కాబట్టి చెల్లదన్నారు.

ఇది చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఇంటర్ చదివి ఈ దేశం వచ్చినవాణ్ణి. ఆఫీసులో నా పని కాగితాలే. కంపెనీ చేతులు మారినప్పుడు కొత్త కాంట్రాక్టుల మీద వందల మంది చేత సంతకాలు పెట్టించింది నేనే. "ఇక్కడ పెట్టు కాకా, ఇక్కడొకటి, చివర వేలిముద్ర" అని చూపించానే గానీ పైనున్న లైన్లు ఎవరికీ చదివి వినిపించలేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా చదవలేదు. తర్వాత చూసుకుంటే కొందరి కాగితాల్లో చేరిన తేదీ పాతది ఉంది, కొందరివాటిలో కొత్తది పడింది. కాకాది కొత్తది. సర్వీసు డబ్బు లెక్కలో ఆ ఒక్క తేదీ పంతొమ్మిదేళ్ళు.

మళ్ళీ ఓడ దగ్గరికి వద్దాం. పేలుడు తర్వాత దాన్ని లాక్కుని బ్రెమెర్‌హావెన్‌కు తీసుకెళ్ళారు. 2004లో ఇక నడపమని చెప్పేశారు. ప్రమాదకరమైన చెత్త నిండిన ఓడను తుక్కు కోసం పేద దేశాలకు పంపకూడదని బాసెల్ ఒప్పందం ఉంది, యూరప్ చట్టాలు ఇంకా కఠినం. 2005 మేలో ఆసియాలో మళ్ళీ వాడతారన్న మాట మీద ఓడ జర్మనీ వదిలి మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ చేరింది. తర్వాత తుక్కుకు అమ్ముడుపోయింది. లైబీరియా కంపెనీ పేరు మీదకు మారి బ్లూ లేడీ అయింది. 2006 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ మా నీళ్ళలోకి రానివ్వమంది. అదే నెలలో, అలంగ్‌కు బయల్దేరిన తన యుద్ధనౌక క్లెమెన్సోను ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ వెనక్కి పిలిపించుకున్నాడు. ఆ యుద్ధనౌక ఇంకా ప్రభుత్వానిదే కాబట్టి పిలిచాడు. ఈ ఓడ మాత్రం ఎప్పుడో అమ్మేసిన సరుకు. ఎవరూ పిలవలేదు.

అలంగ్ గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో ఉంది. అక్కడ సముద్రపు పోటు చాలా ఎత్తుకు వస్తుంది. పోటు మీద ఓడను ఒడ్డుకెక్కిస్తే నీళ్ళు తీసేసరికి బురదలో కూర్చుంటుంది. తర్వాత గ్యాస్ కట్టర్లతో కోయడమే. ఒడిశా, బీహార్, యూపీ, జార్ఖండ్ నుంచి వచ్చిన వలస కూలీలు ఆ పని చేస్తారు. దేశంలో ఉన్నా వాళ్ళూ మనలాంటివాళ్ళే, ఇల్లు ఒకచోట, కూడు ఒకచోట. ఈ ఓడలో వెయ్యి టన్నులకు పైగా ఆస్బెస్టాస్ కలిసిన సామాను ఉందని అంచనా. గోడల్లో, పైపుల చుట్టూ, అంతటా అదే. దాని దుమ్ము పీలిస్తే ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తులు పాడవుతాయి, క్యాన్సర్ వస్తుంది. పర్యావరణవాదులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. చుట్టుపక్కల ఊళ్ళ జనం తరఫున ఒక సర్పంచ్ కూడా వెళ్ళాడు.

కోర్టు నిపుణుల కమిటీ వేసింది. వానాకాలం సముద్రం కదా, ముందు ఓడను ఒడ్డు దగ్గరకు రానిచ్చింది. కేసు నడుస్తుండగానే 2006 ఆగస్టు 15న, మన స్వాతంత్ర్య దినం నాడు, ఓడను అలంగ్ బురదలోకి ఎక్కించేశారు. ఒకసారి ఎక్కాక దాన్ని మళ్ళీ నీటిలోకి దించడం ఎవరి తరం? 2007 సెప్టెంబరు 11న షరతుల మీద కోయడానికి అనుమతి వచ్చింది. తీర్పులో తూకం వేసినవాటిలో రెండు లెక్కలున్నాయి: 41,000 టన్నుల ఉక్కు, 700 మందికి పని. మూడు దశాబ్దాల ముందు లె హావ్ర్‌లో ఓడను ఆపవద్దని సిబ్బంది చెప్పిన కారణం కూడా పనే. అక్కడ ఆ మాట చెల్లలేదు. ఇక్కడ చెల్లింది, ఓడను నడపడానికి కాదు, కోయడానికి.

2008 చివరికి ఒడ్డున ఏమీ మిగల్లేదు. అలంగ్ రోడ్డు పొడుగునా పాత ఓడల సామాను అమ్మే దుకాణాలుంటాయి. కుర్చీలు, అద్దాలు, పింగాణీ, మంచాలు. ఓడలోని బొమ్మలు, పలకలు కొన్ని ముందే విడదీసి యూరప్ వేలాలకు పంపారు. ఓడ ముందు కొసన ముక్కులాంటి ముక్కను కూడా కోసి జాగ్రత్తగా పంపారు. 2009 ఫిబ్రవరిలో పారిస్‌లో దాన్ని 2,73,200 యూరోలకు వేలంలో కొన్నారు. చేతులు మారి 2018లో అది లె హావ్ర్ రేవుకు తిరిగి చేరింది. ఇక్కడ క్వీన్ ఎలిజబెత్ 2 హోటల్ తలుపులు తెరిచిన సంవత్సరమే అది.

ఇదంతా కాకాకు రాత్రి చపాతీలు చేసుకుంటూ చెప్పాను. ఓడ ధరలు, జరిమానాలు ఆయనకు పట్టలేదు. "గా ఏడు వందల మంది పేర్లు యాడన్న రాసి ఉన్నయా?" అన్నాడు. నాకైతే దొరకలేదన్నాను. పొద్దున్నే ఆఫీసు తెరవగానే ఆయన ఫైలు తీసి పాత కాంట్రాక్టు జిరాక్సు రెండు కాపీలు చేశాను. ఒకటి ఆయనకిచ్చాను, ఒకటి తేదీ సరిచేయమని రాసిన అర్జీకి పిన్ను కొట్టి మేనేజరు ట్రేలో పెట్టాను.